మగ్గం గుంతలో పాలసీసా

అమ్మాయిలూ, మొన్న మీ మీటింగుకు పిలిచి, శాలువా కప్పి, "మీ అనుభవాలు చెప్పండి మేడం" అని మైకు చేతికిచ్చారు చూడండి, అప్పుడు నాకు మాట పెగల్లేదు. పక్కన సమోసాలు చల్లారిపోతున్నాయి, మీ చూపులన్నీ అటే ఉన్నాయి. నాకు తెలియదా ఆ సంగతి? అంగన్‌వాడీ టీచరుగా నేనూ ఎన్ని మీటింగుల్లో అట్లా కూర్చోలేదు! అందుకే అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. సమోసాలు తిన్నాకే చదువుకోండి.

ఆరోజు మీలో ఒక కొత్త టీచరు నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మేడం, గద్వాలల మిమ్మల్ని సీసాల పోలీసు అంటుండ్రంట. నిజమేనా?"

నిజమే తల్లీ. అది నాకు నేను పెట్టుకున్న పేరు కాదు. అయినా పెట్టినవాళ్ల మీద నాకేం కోపం రాలేదు, పైగా లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది. పాలసీసా అంటే అగ్గిమీద గుగ్గిలమయ్యే ఈ టీచరమ్మ ఒకే ఒక్క పిల్లకు మాత్రం సీసాతో తాగడం దగ్గర కూర్చుని అలవాటు చేయించింది. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

మాది గట్టు మండలం. వానొస్తే పంట, లేకుంటే లేదు. నా మొదటి సెంటరు కూడా ఆ మండలంలోనే ఒక పల్లెలో. తల్లులు పొద్దున్నే పత్తి విత్తనం చేలకు పోయేవాళ్లు. పసిపిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలిపోయేవాళ్లు. సగం బర్రెపాలు, సగం నీళ్లు, చెంచాడు చక్కెర సీసాలో పోసి నోట్లో పెడితే పిల్ల ఏడుపు బంద్. ఆ సీసాను సరిగా కడిగేదెవరు? నిపుల్ లోపల పాచి, పైన ఈగలు. విరేచనాలు పట్టుకున్న పిల్లలను ఎవరి బండి దొరికితే ఆ బండి మీద గద్వాల దవాఖానకు ఎన్నిసార్లు తీసుకుపోయానో. ఒకసారి దవాఖాన గేటు చేరకముందే ఒక పిల్లవాడు నా ఒళ్లోనే చల్లబడిపోయాడు. అది రాయడానికి ఇప్పటికీ నా చేయి సాగడం లేదు, ఇంతటితో వదిలేస్తున్నాను.

అప్పటినుంచి పాలసీసా కంటబడితే నా ఒళ్లు మండేది. ఇళ్లలోకి పోయి లాక్కునేదాన్ని. బదులుగా ఉగ్గుగిన్నె చేతిలో పెట్టి, ఎట్లా తాపాలో కూర్చోబెట్టి నేర్పేదాన్ని. లాక్కున్న సీసాలను పారేయలేదు. వాటిలో చింతగింజలు, జొన్నలు పోసి మూతలు బిగించి పిల్లలకు గిలకలుగా ఇచ్చేదాన్ని. సెంటరు గోడ మీద ఒక సీసా బొమ్మ గీసి, దాని మీద ఎర్ర రంగుతో అడ్డంగా పెద్ద గీత కొట్టాను. నా బొమ్మ అంత బాగా కుదరలేదు, కొందరు అది సారాసీసా అనుకున్నారు. అనుకోనీ, అది కూడా మానితే మంచిదేగా అనుకున్నాను.

తర్వాత గద్వాల టౌనుకు, నేతగాళ్ల వీధికి బదిలీ అయింది. ఇక్కడి సెంటరు గోడ మీద కూడా మొదట అదే బొమ్మ గీశాను. గట్టు దిక్కు మనిషిని, గాలి చప్పుడు తప్ప వేరే చప్పుడు ఎరగనిదాన్ని. ఇక్కడ తెల్లారితే చాలు, వీధి పొడుగునా మగ్గాలు. మొదట్లో తలనొప్పి వచ్చేది. కొన్నాళ్లకు ఏ మగ్గం ఎవరిదో చప్పుడును బట్టే చెప్పగలిగేదాన్ని. ఒకరిది హడావిడి, ఒకరిది బద్ధకం. ఒకాయన మాత్రం టీ తాగొచ్చిన అరగంట దాకా ఉరికిస్తాడు, తర్వాత మళ్లీ టీకి పోతాడు.

మా సెంటరు ఆయమ్మ ఆ వీధిలోనే పుట్టింది, ఆ వీధికే కోడలైంది. నాకంటే పెద్దది. అన్నం వండటం, పిల్లలను ఎత్తుకురావడం, నన్ను ఎగతాళి చేయడం ఆమె పనులు. ఒకరోజు పప్పు ఏరుతూ అంది.

"టీచరమ్మా, నువ్వు సందు మలుగుతనే చివరి ఇంటి మగ్గం ఆగుతది. చూసినవా?"

"ఎవరిల్లు?"

"పోతవు గదా, ఈసారి చెవి పెట్టి ఇను."

విన్నాను. నిజంగానే ఆగింది. నేను ఆ ఇల్లు దాటి నాలుగడుగులు వేశానో లేదో మళ్లీ మొదలైంది. మరుసటి రోజూ అంతే.

ఆ ఇంటి అరుగు మీద ఒక పెద్దామె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుండేది. నన్ను చూడగానే గట్టిగా దగ్గేది. కొడుకు వేరేవాళ్ల షెడ్డులో నేస్తాడు. ఇంట్లో మగ్గం కోడలిది. ఆ కోడలు మొదటి కాన్పుకు పుట్టిల్లు ఆత్మకూరు పోయిందని, వనపర్తి దవాఖానలో ఆడపిల్ల పుట్టిందని మాకు తెలుసు.

"కోడలు రాలేదా అక్కా?" అని అడిగాను.

"ఇంగ యాడ టీచరమ్మా? పుట్టింట్లనే ఉంది. పిల్ల జర గట్టిపడినంక తోలిస్తమన్నరు."

"మరి మగ్గం ఎవరు నేస్తుండ్రు?"

"నేనే," అంది తడుముకోకుండా. ఆమె మోకాళ్ల సంగతి వీధంతటికీ తెలుసు. అరుగు దిగడానికే గోడ పట్టుకునే మనిషి గుంత మగ్గంలోకి దిగి నేస్తుందట! నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పిల్లను దాస్తున్నారంటే ఏదో ఉంది. అడిగితే చెప్పరు, గట్టిగా అడిగితే అసలే చెప్పరు. ఏం చేయాలో తోచక ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. నేను ఇళ్ల మధ్య చిక్కుకుపోయి, పరుగెత్తి ఎదురుగా ఉన్న అరుగెక్కాను. చూస్తే ఆ ఇల్లే. పెద్దామె అరుగు మీద లేదు, పెరట్లో ఆరేసిన నూలు తీయడానికి పోయినట్టుంది. లోపల మగ్గం ఆడుతోంది. నేను వచ్చినట్టు చెప్పేవాళ్లు లేరు కదా, నడవనీ అనుకున్నాను. అంతలో అదే ఆగింది. తర్వాత పసిపిల్ల దగ్గు. దగ్గు మీద దగ్గు, ఊపిరందని దగ్గు. ఇంక అరుగు మీద నిలబడలేకపోయాను. తలుపు నెట్టుకుని లోపలికి పోయాను.

ఆ కోడలు మగ్గం గుంత అంచున, కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ. చేతిలో పాలసీసా.

నన్ను చూడగానే ఆ పిల్లతల్లి సీసాను గుంతలోకి జారవిడిచింది. పాలన్నీ తొక్కే చెక్కల మీద ఒలికాయి. నా చేయి అలవాటుగా ముందుకు సాగింది. ఆ అలవాటును ఏమనాలి చెప్పండి! ఆమె ఒక చేత్తో బిడ్డను గుండెకదుముకుని, రెండో చేయి గుంతలోకి చాపి సీసాను వెనక్కి నెట్టుతూ ఏడ్చింది.

"గుంజుకపోకు టీచరమ్మా! నీ కాళ్లు మొక్కుత. ఇది ఒక్కటే ఉంది."

అప్పుడు చూశాను బిడ్డ మొహం. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. దగ్గి దగ్గి కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కులోంచి పాలు కారుతున్నాయి. నెలల పిల్లకు ఉండాల్సిన బుగ్గలు లేవు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను.

పెద్దామె తడినూలు భుజాన వేసుకుని అప్పుడే వచ్చింది. దొరికిపోయామని తెలిసి, దాచేది లేక, కోపమంతా కోడలి మీదికి మళ్లించింది.

"గ్రహణం నాడు మగ్గం ఎక్కొద్దే అంటే ఇన్నదా? తెగిన పోగును ముడేసి పండ్లతో కొరికి తెంపింది. అందుకే బిడ్డ పెదవి గిట్ల తెగింది. నలుగుర్ల ఎట్ల చూపెట్టాలె?"

కోడలు తల ఎత్తలేదు. ఆ మాట ఆమె అప్పటికి ఎన్నిసార్లు విని ఉంటుందో.

"అక్కా," అన్నాను, "కడుపుల పిల్లకు పెదవులు రెండో నెలల్నే వస్తయ్. గ్రహణం ఎప్పుడొచ్చెనో, నీ కోడలు ఎప్పుడు నీళ్లోసుకునెనో నువ్వే లెక్కబెట్టుకో. పోగు తెంపితే పెదవులు తెగుతయంటే ఈ వీధిల ఒక్కరికన్న మూతి సక్కగ ఉండునా?"

ఆమె నమ్మినట్టు లేదు. తడినూలు పిండుతూ నిలబడింది.

ఆ సీసాను గుంతలోంచి తీయించి చూశాను. నేను అప్పటిదాకా లాక్కున్న సీసాల్లాంటిది కాదు. మెత్తగా ఉంది, నొక్కితే లోపలికి పోతుంది. నిపుల్ పొడుగ్గా ఉంది. చీలిన పెదవితో, తెరుచుకున్న అంగిలితో పిల్ల చప్పరించలేదు, పాలు గుంజుకోలేదు. తల్లి కొద్దికొద్దిగా నొక్కితే నోట్లోకి వస్తాయి. వనపర్తి దవాఖానలో ఇచ్చి పంపారట. దానితో తాపాలంటే చాలాసేపు పడుతుంది. వీధిలో నా గొంతు వినిపిస్తే చాలు, సగంలోనే గుంతలో దాచేసేవాళ్లు. నేను ఇళ్లు తిరిగే వేళ, పిల్లకు ఆకలయ్యే వేళ ఒకటే అయిపాయె. నేను సీసాలు లాక్కోవడం తప్పని ఇప్పటికీ అనను. కానీ నాకు భయపడి ఒక పిల్ల అరకడుపుతో ఉందని తెలిసిన ఆ మధ్యాహ్నం మాత్రం, సీసాల పోలీసు అన్న పేరు మీద గర్వం వానలో కొట్టుకుపోయింది.

రెండు రోజుల్లో ఆ తల్లిని, బిడ్డను బస్సెక్కించుకుని ఆత్మకూరు మీదుగా వనపర్తి పోయాను. అత్త పంపనంటే పంపనంది. చివరికి, "మొకం మీద కొంగు కప్పి తీస్కపో" అని ఒప్పుకుంది. దారిపొడుగునా బిడ్డ కొంగు కిందే ఉంది. పక్క సీటులో కూర్చున్నావిడ "నిద్రపోతుందా?" అంటే తల్లి తలూపింది. బిడ్డ కొంగులోంచి నా వేలు పట్టుకుని ఆడుకుంటోంది.

అక్కడి డాక్టరు చిన్న పిల్లవాడే, కానీ ఓపికగా చెప్పాడు. మామిడికాయలు దిగే కాలానికి హైదరాబాదులో ఆపరేషను చేయించవచ్చు. ముందు పెదవి కుడతారు, కొన్ని నెలలాగి అంగిలి. కాని బిడ్డ బరువు పెరగాలి, ఇంత బలహీనంగా ఉంటే మత్తు ఇవ్వరు. ఇప్పుడు తప్పితే తర్వాతదీ వెనక్కి పోతుంది. మాటలు వచ్చే వయసుకు ముందే అంగిలి కుట్టకపోతే మాట ముక్కులోంచి వస్తుంది, ఎదుటివాళ్లకు అర్థం కాదు. తల్లి అంతా విని ఒక్కటే అడిగింది.

"సార్, అమ్మా అంటదా?"

"అంటుందమ్మా. ముందు కడుపునిండా తాగాలి."

నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది అక్కడ. మాట కరుకు, చేయి మెత్తన. ఆమె సీసా పట్టుకుని చూపించింది. బిడ్డను నిలువుగా పట్టుకోవాలి. నిపుల్ చీలిక లేని వైపు పెట్టాలి. మధ్యమధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వాలి.

"మెయిన్ సంగతి ఇను," అంది తల్లితో. "నువ్వు తాపొద్దు. పిల్లను తాగనియ్యి. దాని దవడ ఆడినప్పుడే నొక్కు. అది ఆగితే నువ్వాగు. ఆకలి దానిది, నీది కాదు."

ఆమె ముందే బల్ల మీద కూర్చుని తల్లి తాపితే పిల్ల గుటకలు వేసింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇద్దరం మురిసిపోయి బస్సెక్కాం.

ఇంటికొచ్చాక మళ్లీ అదే కథ. నాలుగు గుటకలు, దగ్గు, ముక్కులోంచి పాలు, ఏడుపు, మొహం తిప్పుకోవడం. పాలు వేడెక్కువ అన్నాను, చల్లార్చారు. నిపుల్ రంధ్రం పెద్దదన్నాను. నిలువుగా పట్టలేదన్నాను. మా ఆయమ్మ దిష్టి అంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, మేమంతా దగ్గాం. పిల్ల బరువు మాత్రం కదలలేదు. అప్పటికే మామిళ్లు పూతకొచ్చాయి. నాకు పరేషాన్ మొదలైంది.

ఒకరోజు నేను ఆ గుంత పక్కనే కూర్చుని చూస్తున్నాను. తల్లి ఎప్పటిలాగే గుంత అంచున కూర్చుంది. కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందికి ఉంటాయి, నడుము నిటారుగా ఉంటుంది, బిడ్డను పట్టుకోవడానికి అదే వీలు మరి. తాపుతూ తాపుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. బిడ్డ వైపు చూడటం లేదు, తన కాళ్ల వైపు చూసుకుంటోంది.

"టీచరమ్మా, నా కాళ్లు చూడు."

వంగి చూశాను. ఆమె పాదాలు రెండూ మగ్గం చెక్కల మీద ఉన్నాయి. కుడికాలు దిగుతోంది, ఎడమకాలు లేస్తోంది, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. నేత లేదు, పోగు మోసే నాడె కదలడం లేదు, కాళ్లు మాత్రం ఆడుతున్నాయి. కాలు దిగిన ప్రతిసారీ సీసా మీద ఆమె చేయి నొక్కుతోంది. పిల్ల దవడ ఆడినా ఆడకపోయినా, మింగినా మింగకపోయినా, ఒకే తాళం.

"నేను తాపుతలేను టీచరమ్మా," అంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. "నేస్తున్న."

చిన్నప్పటినుంచి మగ్గం మీద పెరిగిన కాళ్లు. చెక్క తగిలితే చాలు, అవి ఊరుకోవు. వనపర్తిలో నర్సు ముందు బల్ల మీద కూర్చున్నప్పుడు బాగానే తాపడం, ఇంటికొస్తే బిడ్డ ఉక్కిరిబిక్కిరి కావడం ఎందుకో అప్పుడర్థమైంది. ఇన్ని రోజులు పాలు వేడి, నిపుల్ తప్పు అని పెద్ద తెలిసినదానిలా చెప్పిన నాకు ఆ కాళ్లే కనబడలేదు.

"లెవ్వు," అన్నాను. "ఈ గుంతల ఇంగ పాలొద్దు, సెంటరుకు నడువు."

"నలుగురు చూస్తరు."

"చూడనీ."

సెంటరులో చాప వేసి కాళ్లు మడిచి కూర్చోబెట్టాను. కాళ్లు ఆడటానికి వీల్లేకుండా బాసింపట్టు వేయించాను. చేయి కూడా నెమ్మదించింది. నేస్తున్నప్పుడు ఆగితే పని చెడుతుంది. ఇక్కడ ఆగడమే పని. అది ఆమెకు చాలా కష్టమైంది. దవడ ఆడేదాకా ఊపిరి బిగబట్టి చూసేది, ఆడగానే నొక్కేది, ఆగగానే వదిలేది. మొదటిరోజు సగం సీసా దగ్గు లేకుండా లోపలికి పోయింది. మా ఆయమ్మ వంటగదిలోంచి గరిటెతోనే వచ్చి చూసింది.

"టీచరమ్మా, జర ఎన్కకు చూడు," అంది.

నా వెనక గోడ మీద నేను గీసిన సీసా, దాని మీద ఎర్ర గీత. దాని కిందే నేను కూర్చుని సీసాపాలు తాపిస్తున్నాను! ఆయమ్మ పడీపడీ నవ్వింది. నాకూ ఆగలేదు.

వార్త వీధంతా పాకింది. టీచరమ్మే సీసా పట్టిందంట! ఒకామె తన పిల్లవాడి సీసాను కొంగులోంచి తీసి ధైర్యంగా నా ముందు పెట్టింది. "మరి మాకు కూడ పర్మిషన్ ఇయ్యి."

"నీ కొడుకు మూతి సక్కగ లేదా? చప్పరించి తాగే బలం లేదా? రెండూ ఉన్నయ్ గద, ఇటు తే!" అని లాక్కున్నాను. అందులో జొన్నలు పోయించాను. చూశారా, ఎవరికి ఎందుకో తెలిసి పట్టుకుంటే నియమం, తెలియకుండా పట్టుకుంటే మొండితనం. ఇంత మాత్రం నాకు అప్పటికి తెలిసొచ్చింది.

సూపర్‌వైజరు మేడం తనిఖీకి వచ్చిన రోజు కూడా అదే వేళకు వచ్చింది. గోడ మీద బొమ్మను చూసింది, చాప మీద సీసాను చూసింది, నన్ను చూసింది. నోరు తెరిచేలోపే బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాను. "మేడం, జర మీరే మూతి చూడండి." చూసి, బిడ్డ తల నిమిరి, "బరువు ఎంతుంది?" అని మాత్రం అడిగింది.

బరువు మెల్లగా కదిలింది. కాని అత్తగారు కదలలేదు. రోజూ కోడలి వెంట వచ్చేది, గడప దాకా. లోపలికి రాదు, సీసా ముట్టదు, గడప మీద కూర్చుని కండెలు చుట్టుకుంటూ వీధి వైపు చూసేది. ఎవరైనా వస్తే మునుపటిలాగే దగ్గేది. పాపం ఆ దగ్గు అలవాటైపోయింది.

హైదరాబాదుకు పోవాల్సిన వారం రానేవచ్చింది. బిడ్డ బరువు ఇంకా కొంచెం తక్కువ. ఒక్క పూట పాలు తప్పినా వెనక్కి పోయేటట్టుంది. సరిగ్గా అప్పుడే తల్లికి జ్వరం. పక్కన పిల్లను పడుకోబెట్టుకునే ఓపిక కూడా లేదు. అత్త బిడ్డను ఎత్తుకుని సెంటరుకు వచ్చి నా చేతికిచ్చింది.

నేను కాళ్లు మడిచి కూర్చున్నాను. నర్సు చెప్పినట్టే పట్టాను. బిడ్డ మొహం తిప్పుకుంది. ఆయమ్మ పట్టింది, ఏడ్చింది. మళ్లీ నేను. నిపుల్ నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేసింది. ఎన్ని సీసాలు లాక్కున్న చేయో పసిగట్టిందేమో మరి. పాలు చల్లారిపోతున్నాయి, బిడ్డ ఏడ్చి ఏడ్చి నీరసపడుతోంది. ఇన్నాళ్ల కష్టం ఈ వారంలో పోతుందా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇటియ్యి," అంది పెద్దామె, గడప మీదినుంచి.

లోపలికొచ్చింది. గోడ పట్టుకుని చాప మీదికి వంగింది. ఆమె మోకాళ్లు మడతపడవు. కుర్చీ తెస్తానంటే వద్దంది. "కాళ్లు ఆడొద్దంటివి గద," అని పళ్లు బిగబట్టి ఒక్కొక్క మోకాలునే చేత్తో పట్టి మడిచింది. నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత బిడ్డను ఒళ్లోకి తీసుకుని, మొదటిసారిగా ఆ సీసా పట్టుకుంది.

బిడ్డ ఏడుపాపింది, అవ్వ మొహంలోకి చూసింది. అవ్వ నొక్కలేదు. నొక్కడం ఆమెకు తెలియదు, భయం. ఊరికే పట్టుకుని కూర్చుంది. అప్పుడు ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి సీసాను దొరకబుచ్చుకుంది. వేళ్లు మెత్తటి సీసాలోకి దిగాయి. దవడ ఆడింది, వేళ్లు నొక్కాయి. గుటక. మళ్లీ దవడ, మళ్లీ వేళ్లు, మళ్లీ గుటక.

పెద్దామె తన చేతిని మెల్లగా తీసేసింది. సీసా కింద పడలేదు.

"టీచరమ్మా," అంది. "నేను పట్టుకుంటలేను, చూడు. అదే తాగుతుంది. దాని చేతుల మగ్గమోళ్ల పట్టుంది."

సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరం కదల్లేదు. అయ్యాక ఆమె బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమురుతూ ఏడ్చింది. "నా కోడల్ని ఊకె ఊకె అంటి. అది ఏం తెంపలే. నా నోరే తెంపింది," అంది. ఆ మాట ఇంటికిపోయి కోడలితో కూడా అంది. జ్వరం మీదున్న కోడలు నమ్మక రెండోసారి చెప్పించుకుందట.

వారం చివర బరువు తూచితే సరిపోయింది. ముల్లు గీత దాటగానే ఆయమ్మ చప్పట్లు కొట్టింది, పిల్లలంతా ఎందుకో తెలియకుండానే కొట్టారు. మర్నాడు పొద్దున వాళ్లు హైదరాబాదు బస్సుకు బయలుదేరారు. కోడలు బ్యాగు పట్టుకుంది, కొడుకు ముందు నడిచాడు. బిడ్డను అత్త ఎత్తుకుంది, మొహం వీధివైపు పెట్టి. కొంగు కప్పలేదు.

ముందు ఆ ఇంటి పక్క మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది, ఆ తర్వాత ఎదురుది. నేసేవాళ్లు నేత ఆపి ఒక్కరొక్కరే అరుగుల మీదికి వచ్చారు. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి బిడ్డ చెంప తడిమి, "పోయిరా తల్లీ, పోయిరా" అన్నాడు. నేను ఆ వీధిలో పనిచేసినన్నాళ్లూ పండగనాడు తప్ప మగ్గాలన్నీ ఆగడం చూడలేదు. పెద్దామె ఎవరినీ చూడకుండా తల నిటారుగా పెట్టి నడిచింది, కుంటుతూనే.

పెదవి కుట్టారు, తర్వాత అంగిలీ కుట్టారు. మధ్యలో కష్టాలున్నాయి, కుట్లు పడ్డాక సీసా మానిపించి చెంచాతో తాపాల్సిన రోజులూ ఉన్నాయి. అది వేరే యుద్ధం. చివరికి ఆ పిల్ల మా సెంటరుకే వచ్చింది. పెదవి మీద సన్నటి గీత ఉంది, మాట కొంచెం ముక్కుతో వస్తుంది. కాని ఏం మాట! సెంటరంతా దానిదే. గోడ మీద నా బొమ్మను చూపించి మిగతా పిల్లలకు, "గిది తప్పు" అని చెప్పేది. తనే ఎట్లా పెరిగిందో దానికేం తెలుసు!

నేను రిటైరయ్యే ఏడు వనపర్తి నర్సు ఫోను చేసింది. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి ఒక రైతు కుటుంబం బిడ్డతో వచ్చిందట, అట్లాగే చీలిన అంగిలి. "నిపుల్ కొత్తది ఉన్నది మేడం. నొక్కే సీసాలు వచ్చేసరికి టైం పట్టేట్టుంది. మీ ఊళ్ల ఆ పిల్లది ఏమన్న ఉందా?"

ఉందని నాకు తెలుసు. ఆ ఇంట్లో దాన్ని కడిగి, ఆరబెట్టి, తెల్లటి గుడ్డలో చుట్టి దాచుకున్నారు. ఎట్లా అడగాలి? సందు మలుపులో కాసేపు నిలబడిపోయాను. ఇన్నేళ్లు అడగకుండా లాక్కున్న మనిషిని, ఒక్క సీసా అడగడానికి నోరు రాలేదు.

మెల్లగా ఆ ఇంటి గడప ఎక్కాను. మగ్గం ఆడుతూనే ఉంది. ఆ పిల్లతల్లి నన్ను చూసి ఆపలేదు, "కూసో టీచరమ్మా, ఈ పోగు అయిపోనీ" అంది. చెప్పాను. అప్పుడు ఆపింది. గుంతలోంచి పైకొచ్చి, లోపలికి పోయి, గుడ్డ మూట తెచ్చింది. విప్పి చూసుకుంది, మళ్లీ కట్టింది, నా చేతిలో పెట్టింది.

"తీసుకపో టీచరమ్మా," అంది.

అరుగు మీదినుంచి పెద్దామె కేకేసింది. "ఓ టీచరమ్మా! ఆ తల్లికి మంచిగ చెప్పు, కాళ్లు మడుసుకోని కూసోమను. మర్సిపోకు!"

మరుసటి రోజు వనపర్తి దవాఖానలో దాన్ని మళ్లీ మరిగించి, కొత్త నిపుల్ పెట్టాం. ఆ తల్లి చేలల్లో పనిచేసే మనిషి, జీవితంలో మగ్గం చూసి ఉండదు. సీసా చేతికిచ్చి, నర్సు చెప్పాల్సిందంతా చెప్పాక, నేను కూడా చెప్పాను. "కాళ్లు మడుచుకుని కూర్చో తల్లీ."

ఆమె నా మొహం వైపు, తన కాళ్ల వైపు వింతగా చూసింది. ఎందుకని అడగలేదు. కిందికి దిగి, కాళ్లు మడుచుకుని, బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.